కఱవుసీమలో నగరోద్యానము

నగరమధ్యమున విశాలమైన తోఁటను నిలిపి, అందుఁ బౌరులు చెట్లనీడను బక్షికూజితమును అనుభవించు నాచారము పాశ్చాత్యులవలననే మనకు వచ్చినదని పలువురు తలంచుచుందురు. 'పార్కు' అను మాట పరదేశపుది యగుటయే యీ తలంపునకు మూలము. మాట క్రొత్తదైనంతమాత్రమున వస్తువు క్రొత్తది కానేరదు. అమరసింహుఁడు తన కోశమునందు వనౌషధివర్గారంభమున వనభేదములను జెప్పుచు, మనుష్యప్రయత్నముచే నేర్పడిన వనమునకు ఆరామమనియు ఉపవనమనియు, ఇంటిని జేరియున్న తోఁటకు నిష్కుటమనియు, మంత్రుల యిండ్లకడను గణికల యిండ్లకడను నుండుదానికి వృక్షవాటిక యనియు, అంతఃపురమున కుచితమైనదానికిఁ బ్రమదవన మనియుఁ బేర్లు చెప్పినాఁడు. వీనినుండి వేఱుచేసి, రాజునకు సంబంధించినదియు సాధారణమైనదియు నగు వనమునకు ఆక్రీడమనియు ఉద్యానమనియుఁ బేరు పెట్టినాఁడు. సాధారణ మనఁగా నొక్కరికిఁ జెందక పలువురకు సమానమైనది. ఏలిక పెంపఁగాఁ బ్రజలును విహరించు తోఁట యొకటి, ఇంటితోఁటకంటెను అంతఃపురపుఁ దోఁటకంటెను వేఱుగా, మన ప్రాచీనుల యెఱుకలో నుండెనని దీనివలనఁ దెలియుచున్నది.

ఐనను నొక సందేహము కలదు. వానలు పుష్కలముగాఁ గురియు సీమలలో మొక్కను నాఁటినఁ జాలును. అది తనంతఁ దానే పెరుఁగును. కఱవునకుఁ బుట్టినిల్లని పేరొందిన అనంతపుర పీఠభూమియం దట్లు కాదు. అచట నొక వేపమొక్క నిలుచుటకును మొదటి రెండుమూఁడు వేసవులు కడవలతో నీరు మోయవలసియుండును. అట్టిచోట నుద్యానమను మాటకు అర్థ మున్నదా? ఉన్నచో నది యే యాధారమున నిలిచినది? ఈ ప్రశ్న కేవల పురావృత్తకుతూహలముచేఁ బుట్టినది కాదు. నేఁడు ప్రతిపట్టణమును దనకొక తోఁట కావలెనని కోరుచున్నది. ఎచ్చట నాఁటవలెను, ఏ నీటితోఁ బెంపవలెను అను విషయములందుఁ బూర్వుల యనుభవమును విస్మరించినచో ధనమును శ్రమయు వ్యర్థములగును.

దేశస్వరూపము

అనంతపుర మండలము 1882వ సంవత్సరమున బళ్లారి మండలమునుండి విడదీయఁబడి ప్రత్యేక మండలమైనది. 2022వ సంవత్సరమునఁ బెనుకొండ, కదిరి, ధర్మవరము, హిందూపురము, మడకశిర మున్నగు దక్షిణభాగములు శ్రీ సత్యసాయి మండలముగా నేర్పడినవి. చరిత్రదృష్టికి మాత్రము ఈ రెండును నొక్కటే సీమ. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనములను అడ్డగించుటచేతను, తూర్పుసముద్రము దూరమగుటచే నీశాన్యపవనములు బలహీనములై వచ్చుటచేతను, ఈ సీమ రెండు వానలకును గడపటి చుట్టమైనది. ఏఁటికి సగటున నించుమించు 550 మిల్లీమీటరుల వాన మాత్రమే కురియును. అదియు సకాలమున వచ్చునను నమ్మకము లేదు.

పెన్న, చిత్రావతి, జయమంగళి, పండమేరు, వేదవతి యను నేఱులు ఈ సీమను జీల్చుకొని పోవుచున్నను, సంవత్సరములో నధికభాగము వానియందుఁ గనఁబడునది యిసుకయే. ఇసుకలోఁ జెలమలు తీసియు, ఊటకాలువలు త్రవ్వియు, కపిలబావులనుండి యెద్దులచేత నీరు తోడించియు జనులు పైరులు పండించుకొనిరి. నేల పలుచని యెఱ్ఱనేల. దాని యడుగున ఱాయి. అట్టినేలయందుఁ దుమ్మ, చండ్ర, రేగు, బందారు మున్నగునవి యెవరును బెంపకయే బ్రదుకును. మామిడి, కొబ్బరి, పొగడ మున్నగునవి మాత్రము నీటిచేరువఁ గాని నిలువవు. కావున ఈ సీమలో వనచరిత్రము వ్రాయఁబూనువాఁడు ముందుగా నీటిచరిత్రమును జదువవలసియున్నాఁడు.

ఊళ్ల పేళ్ల సాక్ష్యము

ఈ సీమ పుట్టుకతోనే బీడు, ఇచటఁ జెట్లను గూర్చి విచారించుట నిష్ఫలము, అనువారు కొందఱు కలరు. ఊళ్ల పేళ్లు వారికిఁ గొంత బదులు చెప్పుచున్నవి. తాడిపత్రి పేరు తాటిచెట్లనుండి వచ్చినదని వాడుక. తాడిమఱ్ఱి యను గ్రామనామమునందు రెండు వృక్షములు జతకూడియున్నవి. మామిళ్లపల్లి యర్థము స్పష్టము. కదిరి పేరు ఖదిరవృక్షమునుండి, అనఁగాఁ జండ్రచెట్టునుండి, పుట్టినదని చెప్పుదురు; అచటి నరసింహస్వామి ఖదిరమూలమున వెలసెనను స్థలపురాణమును ఇందుల కనుకూలముగా నున్నది.

ఐతే ఈ సాక్ష్యమును మితిమీఱి వాడరాదు. ఊరికిఁ జెట్టుపేరు పెట్టుటకుఁ గారణము ఆ చెట్లు విస్తారముగా నుండుట కావచ్చును. చుట్టుప్రక్కల నెచ్చటను లేని చెట్టు అచ్చట నొక్కటి యుండుటయుఁ గావచ్చును. బాటసారికి గుఱుతుగా నిలుచునది పెక్కింటిలో నొకటి కాదు, ఒంటరిగా నున్నదే. కాఁబట్టి పేళ్లనుబట్టి యొకప్పుడీసీమ యంతయు దట్టమైన యడవి యని సిద్ధాంతము చేయుట సాహసము. పేళ్లవలన నిశ్చయముగాఁ దెలియునది యొక్కటే: ఇచటి జనులు చెట్టును గొప్పగా నెన్నిరి; దానిని బట్టి యూరిని గుర్తించిరి.

చెట్లపేళ్లతో సమానముగ నీటిపేళ్లును ఈ సీమయందుఁ గానవచ్చుచున్నవి. బుక్కరాయసముద్రము, అనంతసాగరము, ఓబుళదేవరచెఱువు, నంబులపూలకుంట మొదలగునవి యిట్టివి. సముద్రము కంటఁబడని సీమలోఁ జెఱువునకు సముద్రమనియు సాగరమనియుఁ బేళ్లు పెట్టుట విజయనగరకాలపు మర్యాదయే యైనను, నీటికొఱకై తపించు జనుల నాలుకపై నా పేళ్లకు వేఱొక బరువు కలుగుచున్నది. నంబులపూలకుంట యను పేరునందుఁ బువ్వును గుంటయు నొక్కమాటలోఁ గలిసియుండుట మఱియు గమనింపఁదగినది.

తటాకమును వనమును

మన కవులు సప్తసంతానములని చెప్పువానిలో సుతుఁడు, కృతి, దేవాలయము, అగ్రహారము, నిధి యను నైదింటితోఁగూడఁ దటాకమును వనమును నున్నవి. ఈ రెండును బ్రక్కప్రక్కలఁ జేరుట యాదృచ్ఛికము కాదు. దండి కావ్యలక్షణము చెప్పుచు మహాకావ్యమున వర్ణింపవలసినవానిలో ఉద్యానమును జలక్రీడను ఒకదాని వెంట నొకటిగాఁ జేర్చెను. తెలుఁగు ప్రబంధకవులును ఆ మర్యాదనే పాటించి వనవిహారము ముగియఁగానే నాయికలను గొలనిలోనికి దింపిరి. అలంకారికుల కది వర్ణనక్రమము. కఱవుసీమలోని పెద్దల కది లోకానుభవము. నీరు లేని వనము వారు కలనైనఁ జూచియుండరు.

తటాకనిర్మాణమును శాస్త్రముగా నెఱిఁగినవా రీప్రాంతమున నుండిరనుటకుఁ బొరుగుననున్న కడప మండలపుఁ బోరుమామిళ్ల శాసనము ప్రబలసాక్ష్యము. శాలివాహనశకము 1291, అనఁగాఁ గ్రీస్తుశకము 1369వ సంవత్సరమున, మొదటి బుక్కరాయల కుమారుఁడైన భాస్కర భవదూరుఁడు అచటఁ జెఱువు గట్టించెను. ప్రతిదినమును వేయిమంది కూలివాండ్రు, ఱాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము దానికిఁ బట్టినవని యా శాసనము చెప్పుచున్నది. అంతటితో నాఁగక, మంచిచెఱువునకు వలయు పండ్రెండు సాధనములను, చెఱువునకుఁ గల యాఱు దోషములను నది పేర్కొన్నది. ధర్మపరుఁడైన ప్రభువు, జలశాస్త్ర మెఱిఁగినవాఁడు, గట్టినేల, తియ్యనీటి యేఱు సాధనములలోఁ జేరినవి. దోషములలో నీరు కొంచెమై పాఱవలసిన నేల విస్తారమగుట యొకటి. నీరు విస్తారమై నేల కొంచెమగుట మఱియొకటి. నీటికిఁ దగిన నేల, నేలకుఁ దగిన నీరు అను నీ యనుపాతమే వనపోషణమునకును మూలసూత్రము. ఇంత నీటి కింత తోఁట యని లెక్కింపక నాఁటినవాఁడు మూఁడవ వేసవి నాఁటికిఁ గట్టెలను గొట్టుకొనవలసివచ్చును.

అనంతపుర నగరమే యొక చెఱువునకుఁ బుట్టిన బిడ్డ. మొదటి బుక్కరాయల మంత్రియగు చిక్కవొడయరు 1364వ సంవత్సర ప్రాంతమునఁ బండమేటికి అడ్డముగాఁ గట్టవేయించి, కట్టకు రెండుకొనల రెండూళ్లు నిలిపి, యొకదానికి రాజుపేర బుక్కరాయసముద్రమనియు, రెండవదానికిఁ దన భార్య అనంతమ్మ పేర అనంతసాగరమనియు నామకరణము చేసెనని పరంపరగా వచ్చుచున్న కథ. ఆ యనంతసాగరమే కాలక్రమమున నేఁటి యనంతపురమైనది. తరువాత హండెవంశపు నాయకులు ఇచటఁ బాలించిరి. వారి వృత్తాంతమును దెలుపు అనంతపుర చరిత్రమును బ్రౌనుదొర ఆంగ్లీకరించి 1853లోఁ బ్రకటించెను. ఆ చరిత్రమునందే ముసలమ్మ కథ యున్నది. చెఱువు తెగఁబోవుచుండఁగా, బుక్కరాయసముద్రపు బసిరెడ్డి కోడలు ముసలమ్మ తన ప్రాణము నర్పించి కట్టను నిలిపెనని యా కథాసారము. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశయందు రచించిన 'ముసలమ్మ మరణము' అను కావ్యమునకు నిదియే యితివృత్తము. కట్టపై ముసలమ్మకు నేఁటికిని బూజలు జరుగుచున్నవి.

ఈ కథ సత్యమా యసత్యమా యను వాదము ప్రస్తుతము కాదు. కట్ట తెగినచో నూరు మునుఁగుననుట యొక భయము. కట్ట తెగి నీరు పోయినచో మఱుసటి వేసవికి ఊరే యుండదనుట అంతకంటెఁ బెద్దభయము. ఒక యాఁడుపడుచు ప్రాణముతో సమానమైన విలువను జనులు ఆ నీటికిఁ గట్టిరి. ఆ నీటిక్రిందనే వారి వరిమళ్లును, ఆ కట్టవెంటనే వారి చెట్లనీడయు నుండెను. పట్టణవాసి సాయంసమయమున నీటిగాలికొఱకును జెట్లకొఱకును బోఁదగిన చోటు చెఱువుకట్టయే. ఆ కట్ట కెవ్వరును ఉద్యానమని పేరుపెట్టలేదు. ఐనను అమరుఁడు చెప్పిన సాధారణలక్షణము దానియందు సంపూర్ణముగా నున్నది.

పెనుకొండ కాలువ

పెద్దనగరమునకు నూరిచెఱువు చాలదు. అట్టియెడ దూరమునుండి నీరు తేవలసివచ్చును. పెనుకొండ చరిత్రము దీనికి దృష్టాంతము. ఈ దుర్గము 1354వ సంవత్సరము నాఁటికే మొదటి బుక్కరాయల కుమారుఁడైన విరూపణ్ణ యేలుబడిలో ముఖ్యస్థానమై యుండెను. 1388వ సంవత్సరపు శాసనమొకటి, గౌరిబిదనూరు ప్రాంతమున దొరకినది, యిట్లు తెలుపుచున్నది: రాజకుమారుఁడైన ప్రతాపబుక్కరాయలు పెన్నేటిని బెనుకొండకుఁ దెమ్మని జలసూత్రజ్ఞుఁడైన సింగయభట్టున కాజ్ఞాపించెను, ఆతఁడు సిరువేర చెఱువువఱకుఁ గాలువ త్రవ్వించి, దానికిఁ బ్రతాపబుక్కరాయమండలపుఁ గాలువ యని పేరుపెట్టెను. కాలువ త్రవ్వినవాని పేరు శిలపై నిలుచుట మన దేశచరిత్రమున నరుదు. రాజు, కవి, సేనాని యను మువ్వుర సరసను జలసూత్రజ్ఞునికిని స్థానమీయఁబడెను.

విజయనగరమును జూచిన విదేశీయులు వర్ణించిన తోఁటల కన్నిఁటికిని ఇట్టి కాలువలే యాధారము. 1443లో వచ్చిన పారసీక రాయబారి అబ్దుల్ రజాకు, నగరపు వెలుపలి ప్రాకారముల నడుమఁ బొలములును ఇండ్లును దోఁటలును గలవని వ్రాసెను. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసువాఁడు డొమింగో పేసు, నగరములోపలఁ దోపులు, పండ్లతోఁటలు, వానినడుమఁ బాఱు నీటికాలువలు చూచినట్లు చెప్పెను. బళ్లారిసీమ అనంతపురముకంటె నేమంత తడిసినది కాదు. అట్టి ఱాతికొండల నడుమ నా తోఁటలు తుంగభద్రనుండి తెచ్చిన కాలువల చలువవలనఁ బెరిఁగినవి. 1565లో నగరము పాడైనపిదపఁ దోఁటలును బోయినవి. కాలువను గాపాడు ప్రభుత్వము లేనినాఁడు తోఁటకు శత్రువు వచ్చి నఱకవలసిన పనిలేదు.

పెనుకొండ తరువాతి రాజధాని యయ్యెను. ఆ సమీపమున లేపాక్షియందు, అచ్యుతరాయలకాలపు విరూపణ్ణ కట్టించిన యాలయమున లతామంటపమను పేర నొక మంటప మున్నది. దాని స్తంభములపై లతలును బువ్వులును జెక్కఁబడియున్నవి. నేలపైఁ దీఁగె యెండునేమో యను భయమున శిల్పి దానిని ఱాతిపైఁ బెంచినాఁడా యనిపించును.

శిరానుండి లాల్‌బాగునకు

మడకశిరకుఁ బడమటనున్న శిరాపట్టణము 1687వ సంవత్సరమున మొగలాయిల సుబాకు రాజధానియైనది. ఆ సుబాలోనివి యేడు పరగణాలు. అందుఁ బెనుకొండ యొకటి. కావున నా కాలమున నీ సీమకు శిరాయే పెద్దనగరము. శిరా సుబేదారులలోఁ బ్రసిద్ధుఁడు దిలావరుఖానుఁడు. అచట ఖాన్‌బాగను తోఁట యుండెను. బెంగళూరునందలి లాల్‌బాగునకు ఈ శిరా తోఁటయే మాతృక యని మైసూరుచరిత్రకారులు చెప్పుదురు.

ఇట నొక కాలవిరోధము తోఁచవచ్చును. హైదరాలీ లాల్‌బాగును 1760లో నారంభించెనందురు. శిరా యతని వశమైనది 1761లో. జయింపని నగరపుఁ దోఁట యతని కెట్లు మాతృక యయ్యెను? సమాధానము కష్టము కాదు. హైదరాలి తండ్రి ఫతేమహమ్మదు శిరా సుబేదారు కొలువునందుండి దొడ్డబళ్లాపురమున మరణించెను. దొడ్డబళ్లాపురమును శిరా సుబాలోని పరగణాయే. హైదరునకు శిరామర్యాదలు బాల్యమునుండి పరిచితములు. జయించుటకు ముందే చూచిన తోఁటను దలఁపునందుఁ బెట్టుకొని తనయూర నాఁటుట సంభావ్యమే.

లాల్‌బాగు మొదట నలువది యెకరముల తోఁట. టిప్పుసుల్తాను పరదేశములనుండి విత్తనములును మొక్కలును దెప్పించి దానిని వృద్ధిచేసెను. 1800లో నీ దేశమునఁ బర్యటించిన బుకానను, అది చదరపుమళ్లుగా విభజింపఁబడి, యొక్కొక్క మడియం దొక్కొక్కజాతి మొక్క పెంపఁబడుచు, దారులవెంట సరువుచెట్లు నిలుపఁబడి యుండెనని వర్ణించెను. 1799లో శ్రీరంగపట్టణము పడినపిదప నా తోఁట పలువురచేతులు మాఱి 1856లో ప్రభుత్వపు వృక్షశాస్త్రోద్యానమైనది. 1889లో నచటి గాజుమేడకు శంకుస్థాపనము జరిగెను. 1908 మొదలు 1932 వఱకు క్రుంబీగల్ అను జర్మనుఁడు దాని పోషణమును జూచెను. నేఁడది యించుమించు 240 ఎకరముల విస్తారము గలది. రాజు తోఁట ప్రజల తోఁట యైన క్రమ మిది. అమరుఁడు ఉద్యానలక్షణమునఁ జెప్పిన రెండు పదములలో మొదటిది తొలఁగి రెండవది మిగిలినది.

ఈ తోఁటలో శాస్త్రజ్ఞులను మిక్కిలి యాకర్షించునది చెట్టు కాదు, ఱాయి. తోఁటనడుమ నున్న గుట్ట ద్వీపకల్పశిలాజాతికిఁ జెందినది. దాని వయస్సు ఇంచుమించు 300 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనంతపుర పీఠభూమిలోఁ జాలభాగమున కడుగుననున్నదియు నీజాతి శిలయే. కావున 'ఱాతినేల యగుటచేతఁ దోఁట పెరుఁగదు' అను వాదము లాల్‌బాగునందు వీఁగిపోవుచున్నది. ఐతే బెంగళూరు సముద్రమట్టమునకు 900 మీటరుల యెత్తున నుండి, యనంతపురముకంటెఁ జాల నెక్కువ వానను బొందుచున్నదని మఱవరాదు. అచటఁ దోఁటకు వానయుఁ దోడైనది. తోఁటయందే చెఱువును గలదు. అనంతపురమునఁ జెఱువొక్కటే తోడు.

బెంగళూరునుండి నేర్వవలసిన పాఠము మఱియొకటి కలదు. ఆ నగరమున ధర్మాంబుధి యను చెఱువుండిన చోట నేఁడు బస్సులు నిలుచు స్థలమున్నది. సంపంగి చెఱువుండినచోట క్రీడాస్థల మున్నది. తోఁటను భద్రముగాఁ గాపాడిన నగరమే చెఱువులను గాపాడలేకపోయెను. ఉద్యానమును దటాకమును గవలపిల్లలని యెఱిఁగిన పూర్వులు ఈ భేదమును జూచి యాశ్చర్యపడియుందురు.

రాజులు లేని యుద్యానములు

ఈ పీఠభూమిలో రాజప్రయత్నము లేకయే జనులు కాపాడిన వనములును గలవు. కదిరిచేరువ గూటిబయలునందలి తిమ్మమ్మ మఱ్ఱిమాను అట్టిది. సహగమనము చేసిన తిమ్మమ్మ చితికంబమునుండి యది పుట్టెనని జనశ్రుతి. దాని యూడలు నేలకు దిగి మాఁకులై, యొక్కచెట్టే యించుమించు ఐదెకరముల తోఁటయైనది. 1989లో నది ప్రపంచమునందలి మిక్కిలి పెద్ద మఱ్ఱిగా గిన్నిసు గ్రంథమున నెక్కినది. కఱవులు వచ్చినను బోయినను జనులు దానికొమ్మ విఱువరు. భక్తి యచట వనపాలకుఁడైనది.

చిలమత్తూరుచేరువ వీరాపురమునందు దీనికంటెను జిత్రమైన దృశ్యము గలదు. ఊరినడుమ, ఇండ్ల కప్పులపై వ్రాలిన చింతచెట్లయందు, ఎఱ్ఱకాళ్లకొంగలు గుంపులుగా వచ్చి గూళ్లుకట్టి పిల్లలను బెంచి వెడలును. జనులు వానిని సైబీరియా కొంగలందురు గాని, యవి మనదేశపు పక్షులే. ఊరివారు వానిని వేఁటాడరు, ఒరులను వేఁటాడనీయరు. కాని యవి చింతచెట్లను మాత్రమే నమ్మి రావు. చుట్టుపట్లఁ జెఱువులలో నీరును జేఁపలును నున్న యేఁడే వానికి సంతానము నిలుచును. చెఱువులెండిన యేఁట చింతచెట్లుండియుఁ గూళ్లు పాడువడును. పక్షికిఁ జెట్టు ఇల్లు, చెఱువు వంటయిల్లు.

పరిపాలకులలోను ఈ మర్మ మెఱిఁగినవా రుండిరి. దత్తమండలములకుఁ బ్రధాన కలెక్టరుగా నుండి పిదపఁ జెన్నపట్టణపు గవర్నరైన తామసు మన్రో 1827వ సంవత్సరము జూలై 6వ తేది పత్తికొండలో విషూచివలన మరణించెను. అతని జ్ఞాపకార్థము ప్రభుత్వమువా రచట నొక బావి కట్టించి, దానిచుట్టును దోపు వేయించిరి. విగ్రహము చెన్నపట్టణమున నిలిచినది. కఱవుసీమలో మాత్రము స్మారకము బావియుఁ దోపుగా నిలిచినది. ఏ దేశపువాఁడైనను ఈ నేలపైఁ బుణ్యము చేయఁదలఁచినచో నీటిని జెట్టును గలిపియే చేయవలసియుండెనని దీనివలన స్పష్టమగుచున్నది.

ఫలితార్థము

పై విచారమువలనఁ దేలిన యంశము లివి. నగరమునందలి సాధారణోద్యానము మనకుఁ బరాయివస్తువు కాదు. అనంతపుర పీఠభూమియందు నది ప్రత్యేకముగా వేలి చుట్టుకొన్న తోఁటరూపమునఁ గాక, చెఱువుకట్టగా, తోపుగా, గుడిమఱ్ఱిగా, కాలువగట్టుగా నిలిచినది. దాని బ్రదుకు నీటి బ్రదుకుతో ముడివడియున్నది. నీటిని గాచినవారు వనమును గాచిరి. నీటిని మఱచినవారి వనము విజయనగరపుఁ దోఁటలవలెఁ బేరుమాత్రమై మిగిలినది.

ఇరువదవ శతాబ్దమునఁ దుంగభద్ర యెగువకాలువ ఈ సీమకు వచ్చినది. సింగయభట్టు పెన్నేటిని దెచ్చిన పనియే యది, పెద్దకొలఁదిని. బోరుబావులును లోఁతుగా దిగినవి. వీనిని జూచి చెఱువుతో నిఁకఁ బనిలేదనుకొనుట పొరపాటు. బోరునీరును చెఱువు నేలలోనికి దింపిన నీరే; చెఱువు పూడినచో బోరును గొన్నాళ్లకు వట్టిగొట్టమగును. పట్టణము పెరిఁగినకొలఁది చెఱువు లోఁతట్టున నిండ్లు లేచుచున్నవి. మఱియొకమూలఁ దీఁగెకంచె వేసి, పచ్చిక పఱచి, దానికి గొట్టములతో నీరు పోసి తోఁట యని పేరుపెట్టుచున్నారు. శాసనకారుఁడు చెప్పిన దోషములలోఁ గొంచెము నీరు, విస్తారమైన నేల యనునది యిదే. ఈ సీమలోఁ బచ్చికకంటె వేపయుఁ గానుగయుఁ జింతయు మేలు. అవి తక్కువ నీటితో నిలిచి యెక్కువ నీడ నిచ్చును. వానిని నాఁటుటకుఁ జెఱువుకట్టకంటె మంచిచోటు లేదు.

హైదరాబాదునందు 1998లో జాతీయోద్యానముగాఁ బ్రకటింపఁబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము వేఱొక మార్గమును జూపుచున్నది. అచట ఱాతిగుండ్లను బొదలను దొలఁగింపక, దక్కను పీఠభూమికి సహజమైన యడవిని నగరమధ్యమున నట్లే యుండనిచ్చిరి. అనంతపురసీమకు నిది మిక్కిలి తగినది. తుమ్మయు చండ్రయు రేగును బందారును పెరిఁగిన ఱాతిగుట్టను జదునుచేసి పూలమొక్కలు నాఁటుటకంటె, దానినే కంచెవేసి కాచుట సులభము, చవుక, శాశ్వతము. ఖదిరముపేర వెలసిన కదిరిసీమలో బాలురకుఁ జండ్రచెట్టు తెలియకపోవుట లజ్జాకరము. నిఘంటువులోఁ జదివి వల్లించిన వృక్షనామమును జెట్టుకడ నిలిచి చూపఁగల తావు ప్రతిపట్టణమునను నొకటి యుండవలెను. అమరకోశము చెప్పు పండితులకును, వినునట్టి బాలురకును అట్టి తావే నిజమైన వనౌషధివర్గము.

సప్తసంతానములలో సుతుఁడు నూఱేండ్లకుఁ బోవును, నిధి దొంగలపాలగును, అగ్రహారములు చేతులు మాఱును. చిక్కవొడయరు వంశ మేమైనదో నేఁ డడుగువారు లేరు. అతఁడు గట్టించిన చెఱువు మాత్రము ఆఱున్నర శతాబ్దములు గడచినను నున్నది. దానికట్టపై నాఁటవలసిన చెట్లును, దానిలోఁతట్టునఁ గట్టకుండఁదగిన యిండ్లును నేఁటివారి చేతిలోనున్నవి.